మన గుంట ఆళ్ళ మతం సదవడమేటి?

టెన్త్ స్థాయిలో మతాల గురించి ఒక సబ్జెక్టు ఉంటే తీసుకోవాలా, వద్దా? మన శ్రీకాకుళం జిల్లాలో ఏ ఇంటికీ ఈ ప్రశ్న రాదు, అసలు ఆ సబ్జెక్టే లేదు కాబట్టి. మా ఇంటికి మాత్రం ఇంగ్లండు మీదుగా వచ్చిపడింది. మా అక్క కూతురు మిల్టన్ కీన్స్‌లో ఇయర్ నైన్ చదువుతోంది. పదహారో ఏట రాసే జీసీఎస్ఈ పరీక్షలకు ఏమేం సబ్జెక్టులు తీసుకోవాలో ఈ ఏడే తేల్చుకోవాలి. ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు ఎవరికీ తప్పవు, మిగతావి పిల్లలే ఎంచుకుంటారు. మా పిల్ల ఒక గడిలో రెలిజియస్ స్టడీస్ అని పెడతానంది. ఆ గడిలో కంప్యూటర్ సైన్స్ ఉండాలని మా బావ. మా నాన్న మొదట తెగ సంబరపడిపోయారు, లండన్‌లో కూడా గీత నేర్పుతున్నారంటరా అని వీధిలో నలుగురికీ చెప్పుకున్నారు (నాన్నకు ఇంగ్లండంతా లండనే). తర్వాత ఓ ఆదివారం వీడియో కాల్‌లో పిల్ల అసలు సంగతి చెప్పింది. వాళ్ళ స్కూల్లో ఆ సబ్జెక్టు కింద చెప్పేది క్రైస్తవం, ఇస్లాం.

అంతే, నాన్న ఫోను నా చేతిలో పెట్టేసి, "మన గుంట ఆళ్ళ మతం సదవడమేటి?" అన్నారు. అప్పటినుంచి మా ఇంట్లో ఇదే పంచాయితీ.

నేను పిల్ల పక్షం. తీసుకోవాలనే అంటాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పేవాణ్ణి కాబట్టి నాకు ఇందులో కొంచెం స్వార్థం కూడా ఉంది. నా క్లాసులో చెప్పాలనుకుని చెప్పలేకపోయినవి చాలానే ఉన్నాయి, వాటి సంగతి తర్వాత.

ముందు ఆ సబ్జెక్టు ఏమిటో చూడాలి. ఎందుకంటే మా ఇంట్లో వాదించుకుంటున్న ముగ్గురిలో ఇద్దరు సిలబస్ చూడకుండానే వాదిస్తున్నారు. ఇంగ్లండులో ప్రభుత్వ నిధులతో నడిచే బళ్ళలో మతాల గురించిన పాఠం 1944 విద్యా చట్టం నుంచీ తప్పనిసరి. తల్లిదండ్రులు వద్దంటే పిల్లని ఆ క్లాసు నుంచి తప్పించవచ్చు, ఆ హక్కూ చట్టంలోనే ఉంది. మా పిల్ల ఆరో క్లాసు వయసు నుంచీ వారానికో పీరియడ్ ఇవన్నీ వింటూనే ఉంది. దీపావళి గురించి కూడా వాళ్ళకు చెప్పారు, రంగు కాగితాలతో దీపాలు చేయించారు, అప్పుడు మనవాళ్ళెవరికీ అభ్యంతరం రాలేదు. ఇప్పుడు ఎంచుకునేది దాని పరీక్ష రూపం. 2016లో ఈ జీసీఎస్ఈని మార్చారు, అప్పటినుంచి కనీసం రెండు మతాలు చదవాలి. ఏక్యూఏ అనే బోర్డు సిలబస్‌నే తీసుకుంటే రెండు పేపర్లు, ఒక్కోటి గంటా ముప్పావు. మొదటి దాంట్లో రెండు మతాల నమ్మకాలు, ఆచారాలు. రెండో దాంట్లో పెళ్ళి, కుటుంబం, అబార్షన్, యుద్ధం, శిక్ష, దేవుడున్నాడా లేడా, పేదరికం లాంటి అంశాల్లోంచి నాలుగు. క్రైస్తవం, ఇస్లామే కాదు, హిందూ, బౌద్ధం, సిక్కు, యూదు మతాలు కూడా ఆ బోర్డు జాబితాలో ఉన్నాయి. ఆ జాబితాలోంచి ఏ రెండు చెప్పాలో సాధారణంగా స్కూలే తేలుస్తుంది, తనకున్న టీచర్లను బట్టి, కొన్న పుస్తకాలను బట్టి. పిల్లల చేతిలో ఉండేది తీసుకోవడమా మానడమా అన్నదే.

పూజలుండవు, ప్రార్థనలుండవు. పాస్ అవ్వాలంటే నమ్మక్కర్లేదు. నమ్మేవాళ్ళకు మార్కులు ఎక్కువా పడవు.

బావ అభ్యంతరం తేలిక, దాన్ని ముందే తేల్చేస్తాను. ఆయన సాఫ్ట్‌వేర్, ప్రతిదీ వెతికి చూసుకునే మనిషి. 2010లో అక్కడి ప్రభుత్వం ఇంగ్లీష్ బాకలారియేట్ అని ఒక లెక్క పెట్టింది. స్కూళ్ళను పోల్చడానికి. అందులో హిస్టరీ, జాగ్రఫీ ఉండేవి, రెలిజియస్ స్టడీస్ ఉండేది కాదు. అది చూపించి "గవర్నమెంటే దీన్ని లెక్కలో వేసుకోలేదు" అన్నాడు. అది స్కూలు పనితనం కొలవడానికి పెట్టుకున్న లెక్క బావా, పిల్లకు సీటు ఇచ్చే లెక్క కాదు అన్నాను. డాక్టరు కావాలంటే తర్వాతి మెట్టులో, ఏ లెవెల్స్‌లో, కెమిస్ట్రీ, బయాలజీ లాంటివి అడుగుతారు. పదహారేళ్ళప్పుడు మతాలు చదివావా జర్మన్ చదివావా అని ఎవరూ సీటు ఆపరు. ఏటా రెండు లక్షల పైచిలుకు పిల్లలు ఈ పరీక్ష రాస్తున్నారు, వాళ్ళంతా పాస్టర్లు కావడానికి రాయడం లేదు కదా. పైగా మా పిల్లకు కంప్యూటర్ అంటే ఇష్టం లేదు, ఆ సంగతి బావకు తప్ప ఇంట్లో అందరికీ తెలుసు. మన దగ్గర ఎంపీసీ ఇష్టం లేని పిల్లల్ని ఎంపీసీలో తోసి ఏం జరుగుతుందో చూస్తూనే ఉన్నాం, దాని గురించి ఇక్కడ రాస్తూ కూర్చుంటే ఈ వ్యాసం ఎటో పోతుంది.

నాన్న అభ్యంతరం అలా కాదు. దాన్ని కొట్టిపారేయడానికి లేదు, ఎందుకంటే అందులో భయం ఉంది. భయపడేవాళ్ళను ఎగతాళి చేసి ఎవరూ గెలవలేదు. నాన్న లెక్క ఏమిటంటే, ఇంకో మతం చదివితే అటు మొగ్గుతారు. దేశం కాని దేశంలో, తాత లేని ఇంట్లో, గుడికి వెళ్ళాలంటే కారులో పోవాల్సిన ఊళ్ళో పెరుగుతున్న పిల్ల. దానికి మనదే పూర్తిగా తెలియదు, ఇంకొకళ్ళది ఎక్కించడమెందుకు?

దీనికి నా దగ్గరున్న జవాబు చూసి నేర్చుకున్నదే. మన జిల్లాలో మతం మారిన కుటుంబాలు నాకు తెలుసు, మీకూ తెలిసే ఉంటాయి. వాళ్ళలో ఎవరైనా పుస్తకం చదివి మారారా? బిడ్డకు జ్వరం తగ్గక ఎవరో వచ్చి ప్రార్థన చేశారని మారినవాళ్ళున్నారు. తాగుబోతు మొగుడు మానేశాడని మారినవాళ్ళున్నారు. పెళ్ళి చేసుకుని మారినవాళ్ళున్నారు. గుడి మెట్ల దగ్గర ఆపేస్తే, పక్కనే చర్చిలో బెంచీ మీద కూర్చోబెట్టారని మారినవాళ్ళు వీళ్ళందరికంటే ఎక్కువ. కెనడియన్ బాప్టిస్టు మిషన్ వాళ్ళు బొబ్బిలి, విజయనగరం, శ్రీకాకుళం ప్రాంతాలకు వచ్చి ఆస్పత్రులు, బళ్ళు పెట్టారు. జనం వెళ్ళింది ఆ మందు కోసం, ఆ మర్యాద కోసం. త్రిత్వ సిద్ధాంతం మీద వ్యాసం రాసి మతం మారిన మనిషిని నేనింతవరకూ చూడలేదు. పరీక్ష కోసం చదివితే మతమనే కాదు, దేనిమీదా మోజు పుట్టదు, కావాలంటే మన టెన్త్ పిల్లల్ని తెలుగు పద్యాల గురించి అడిగి చూడండి.

సరే, అది భయానికి జవాబు. చదవమని చెప్పడానికి అదొక్కటే చాలదు. నష్టం లేనంత మాత్రాన లాభం ఉన్నట్టు కాదు కదా.

లాభం నాకు ఒక ఫోటోలో కనిపించింది. పిల్ల తన నోటు పుస్తకంలో ఒక పేజీ ఫోటో తీసి పంపింది, ఎలా రాశానో చూడు మావయ్యా అని. రంజాన్ ఉపవాసం మీద నాలుగు వాక్యాలు, గుండ్రటి చేతిరాత. మొదటి వాక్యంలో "ముస్లింలు తెల్లవారుజాము నుంచి పొద్దుగూకే దాకా ఏమీ తినరు, తాగరు" అన్న అర్థం వచ్చేలా రాసింది. టీచరు ఆకుపచ్చ ఇంకుతో "ముస్లింలు" కింద గీత గీసి పక్కన ఒకే మాట రాసింది: అందరూనా? కింద పిల్ల దిద్ది మళ్ళీ రాసింది. చాలామంది ముస్లింలు ఉంటారని, జబ్బుపడ్డవాళ్ళకు, ప్రయాణంలో ఉన్నవాళ్ళకు, గర్భిణులకు సడలింపు ఉందని, తప్పిపోయిన రోజులు తర్వాత ఉండొచ్చని, కొందరు అసలు ఉండరని. నాలుగు వాక్యాలు ఎనిమిదయ్యాయి. ఆ ఆకుపచ్చ గీత చూసి నేను కాసేపు అలాగే ఉండిపోయాను. మనం రోజూ ఎన్ని వాక్యాలు "వాళ్ళు" అని మొదలుపెడతామో ఎప్పుడైనా గమనించారా? వాళ్ళంతే, వాళ్ళు ఇలా తింటారు, వాళ్ళకు ఇన్ని పెళ్ళిళ్ళు, వాళ్ళకు డబ్బులొస్తాయి. టీ కొట్టు దగ్గర, స్టాఫ్ రూములో, పెళ్ళి బంతిలో ఎవరైనా పక్కన కూర్చుని అందరూనా అని అడిగితే ఎన్ని వాక్యాలు నిలబడతాయి?

ఆ పరీక్షలో 12 మార్కుల ప్రశ్న ఒకటి ఉంటుంది. ఒక మాట ఇస్తారు, యుద్ధం ఎప్పుడూ తప్పే అన్నట్టుగా. దాన్ని సమర్థిస్తూ కారణాలు రాయాలి, దానికి ఎదురు వాదన కూడా అంతే న్యాయంగా రాయాలి, మతం ఏమంటుందో చూపించాలి, చివర నువ్వేమనుకుంటున్నావో ఎందుకనుకుంటున్నావో చెప్పి ముగించాలి. ఒకవైపే రాస్తే, ఎంత బాగా రాసినా పై మార్కులు రావు. నీకు నచ్చని వాదనని, దాన్ని నమ్మే మనిషి విని "అవును, నేను చెప్పేది ఇదే" అనేలా రాయడం, అది పదహారేళ్ళకే నేర్చుకుంటే ఎంత మేలు. మన టీవీ చర్చల్లో కూర్చునే పెద్దమనుషులకు ఈ ఒక్క ప్రశ్న పెడితే ఎంతమంది పాసవుతారంటారు.

అందుకే నాన్నతో ఒక మాటన్నాను, ఆయనకు నచ్చలేదు. వాళ్ళ స్కూల్లో హిందూ మతం చెప్పకపోవడమే ఒకందుకు మంచిది, తనకు తెలియనిది నేర్చుకుంటుంది. మనది అయితే ఇంట్లో విన్నదే రాసి వస్తుంది, తప్పు దిద్దిన టీచరు మీద మీరు ఇక్కణ్ణుంచి ఫోను చేసి గొడవకు దిగుతారు అన్నాను. నాన్న నవ్వలేదు.

ఇక నా స్వార్థం సంగతి. మన రాజ్యాంగం 28వ అధికరణం పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బళ్ళలో మత బోధన ఉండకూడదంటుంది. ప్రభుత్వ గుర్తింపు, సాయం ఉన్న మిగతా బళ్ళలో పిల్లాడి తల్లిదండ్రుల ఒప్పుకోలు లేకుండా మత బోధనలో, ప్రార్థనలో కూర్చోబెట్టకూడదు. చాలా మంచి నియమం. కానీ దీన్ని మనం ఎలా అర్థం చేసుకున్నామంటే, మతం అనే మాటే క్లాసులో ఎత్తకూడదని. మతం బోధించడం వేరు, మతాల గురించి చెప్పడం వేరు అని 1964–66 కొఠారీ కమిషన్ అప్పుడే అంది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి చదవడాన్ని 28వ అధికరణం అడ్డుకోదని చెప్పింది. తీర్పు వచ్చి ఇన్నేళ్ళయినా ఈ సబ్జెక్టు మన టైమ్ టేబుల్‌లోకి రాలేదు. సోషల్ పుస్తకంలో బౌద్ధం, జైనం ఒక పాఠంలో ఇలా వచ్చి అలా పోతాయి. బిట్ పేపర్‌కు పనికొచ్చేంత. మిగతా మతాలు రాజుల పాఠాల్లో, సంస్కరణోద్యమాల్లో పేరుకు తగులుతాయి. ఇప్పుడు బతికున్న మనుషులు ఏం నమ్ముతున్నారో, ఎందుకో చెప్పే పేజీ ఒక్కటీ లేదు.

ఎక్కడో అయితే సరేననుకోవచ్చు. మన జిల్లాలో ఇది మరీ అన్యాయం. గార మండలంలో వంశధార ఒడ్డున శాలిహుండం ఉంది. గిడుగు రామమూర్తి గారు 1919లో బయటపెట్టిన బౌద్ధ క్షేత్రం, వాడుక భాష గిడుగు గారే. స్తూపాలు, చైత్యాలతో పాటు అక్కడ తార, మారీచి విగ్రహాలు కూడా దొరికాయి. పిల్లల్ని తీసుకెళ్తే విగ్రహం ముందు చెప్పులు విప్పి దండం పెడతారు, ఏ అమ్మవారు మాస్టారూ అని అడుగుతారు. మారీచి ఉషస్సు దేవత అని, ఆమె రథాన్ని ఏడు పందులు లాగుతున్నట్టు శిల్పాల్లో చూపిస్తారని చెప్పాను. ఒక పిల్ల వెంటనే అడిగింది, మరి మన అరసవల్లి సూర్యనారాయణస్వామికి ఏడు గుర్రాలు కదా మాస్టారూ, వీళ్ళని చూసి వాళ్ళు పెట్టుకున్నారా, వాళ్ళని చూసి వీళ్ళా? తొమ్మిదో తరగతి పిల్ల. ఏ యూనివర్సిటీలోనైనా అడగదగ్గ ప్రశ్న. అరసవల్లికీ శాలిహుండానికీ మధ్య దూరం బస్సులో గంట కూడా పట్టదు. ఆ ప్రశ్న పట్టుకుని ఓ వారం పాఠం చెప్పొచ్చు. నాకు సిలబస్ అయిపోవాలి, ఎఫ్ఏ పరీక్ష ముందుంది, పైగా పక్కనున్న మాస్టారు దేవుళ్ళ జోలికెందుకు వెళ్తావని సైగ చేస్తున్నారు. రెండు ముక్కలు చెప్పి బస్సెక్కించాను.

విజయనగరం జిల్లా రామతీర్థం ఇంకో ఉదాహరణ. రాముడి గుడి అందరికీ తెలుసు. ఆ కొండల్లోనే గురుభక్తులకొండ మీద బౌద్ధ ఆరామాల శిథిలాలున్నాయి, దుర్గకొండ మీద జైన తీర్థంకరుల శిల్పాలున్నాయి, తూర్పు చాళుక్య విమలాదిత్యుడి కాలపు జైన శాసనం కూడా ఉంది. ఒకే చోట మూడు మతాలవాళ్ళు ఎన్ని వందల ఏళ్ళు వెళ్ళి మొక్కారో. 2020 డిసెంబరు చివర్లో అక్కడ కొండ మీది రాముడి విగ్రహాన్ని ధ్వంసం చేసినప్పుడు రాష్ట్రమంతా అట్టుడికింది, కోపం రావడం సహజం, నాకూ వచ్చింది. అప్పుడు పిల్లలు క్లాసుకు ఫోన్లలో చూసిన వీడియోలతో వచ్చారు. ఎవరు చేశారో అప్పుడే తేల్చేసుకుని వచ్చారు. నోరు విప్పకండి అని పైనుంచి చెప్పారు మాకు. మేం నోరు మూసుకున్నాం, వీడియోలు మూసుకోలేదు. మతాల గురించి స్కూలు మాట్లాడకపోతే పిల్లలు మాట్లాడుకోరని అనుకోవడం మన వ్యవస్థకున్న పెద్ద భ్రమ. వాళ్ళు నేర్చుకుంటూనే ఉంటారు, నేర్పేవాడు మారతాడంతే.

ఇంకో సంగతి రాయాలా వద్దా అని ఆలోచించాను, రాస్తున్నాను. నా క్లాసు రిజిస్టర్‌లో హిందూ అని ఉండి ఆదివారం చర్చికి వెళ్ళే పిల్లలుంటారు. మీ ఊళ్ళోనూ ఉంటారు. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు లేదు. కాబట్టి కాగితం మీద ఒకటి, ఆదివారం ఒకటి. తోటి పిల్లలు దీన్ని పట్టుకుని దొంగ సర్టిఫికెట్ అని ఏడిపిస్తారు. ఆ చట్టం ఎందుకలా ఉందో, దాని మీద రెండు వైపులా ఏం వాదనలున్నాయో ఏడిపించేవాడికీ తెలియదు, ఏడ్చేవాడికీ తెలియదు. అచ్చం ఆ 12 మార్కుల ప్రశ్నే ఇది. రాయించే పీరియడే మనకు లేదు.

ఇంత చెప్పాక ఆ సబ్జెక్టుకు అన్నీ సుగుణాలే అని మీరనుకుంటే నేను అమ్మకాల మనిషినైపోతాను. నాకూ కొన్ని పేచీలున్నాయి.

పుస్తకంలోని మతం ఇస్త్రీ చేసిన మతం. ఆ బోర్డు హిందూ మతం సిలబస్ తిరగేశాను. బ్రహ్మం, ఆత్మ, కర్మ, మోక్షం, త్రిమూర్తులు, నాలుగు యోగాలు. తప్పేం లేదు. కానీ మా నాన్న మతం అది కాదు. విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం చూసినవాళ్ళకు తెలుస్తుంది. దసరా తర్వాతి మంగళవారం, అంత పొడుగు చింతమాను చివర పూజారి కూర్చుని మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా మూడుసార్లు ఊరేగుతాడు, ముందు పాలధార, బెస్తవారి వల, అంజలి రథం, తెల్ల ఏనుగు నడుస్తాయి. మా పిల్ల నన్నడిగింది, ఇది ఏ యోగంలోకి వస్తుంది మావయ్యా అని. దేంట్లోకీ రాదు. 1757 బొబ్బిలి యుద్ధంతో ముడిపడిన ఒక ఆడబిడ్డ దుఃఖం, చెరువులో దొరికిన విగ్రహం, ఊరి మొక్కు, ఇవన్నీ కలిస్తే పైడితల్లి. అలాగే అదే ఊళ్ళో ఖాదర్ వలీ బాబా దర్గాలో చక్కెర పంచుకుని తినే హిందువుల్ని ఇస్లాం పాఠంలో పెడతారా, హిందూ పాఠంలో పెడతారా? ఇక సవరల సంగతి పుస్తకాల్లో వెతకడమే దండగ. 1936లో మంగేయి గొమాంగో అనే ఆయన సొర (సవర) భాషకు సొరాంగ్ సొంపెంగ్ అనే లిపి తయారుచేశారు, 24 అక్షరాలు, ఆ అక్షరాలనే దైవంగా కొలిచే శాఖ ఒకటి పుట్టింది. చదువునే దేవుణ్ణి చేసుకున్న మనుషులు మన సీతంపేట కొండలకు అవతలే ఉన్నారు. ఏ జీసీఎస్ఈలోనూ వాళ్ళు లేరు.

క్రైస్తవం, ఇస్లాం పాఠాల్లోనూ ఇదే ఇస్త్రీ ఉంటుంది కచ్చితంగా. మన పక్క వీధిలో పాస్టరమ్మ చేసే ఉపవాస ప్రార్థన ఆ పుస్తకంలో దొరకదు. కాబట్టి పుస్తకం చదివి ఇక వాళ్ళు నాకు తెలుసు అనుకుంటే అది మళ్ళీ ఆ ఆకుపచ్చ గీత కిందికే వస్తుంది.

రెండోది టీచరు. అక్కడ కూడా ఈ సబ్జెక్టును వేరే సబ్జెక్టు టీచర్లతో నెట్టుకొచ్చే స్కూళ్ళు తక్కువేం కాదు. ఆసక్తి లేని మనిషి చెప్తే ఇది లెక్కల కంటే దుర్భరం. ఒక్కో మతానికి రెండేసి కొటేషన్లు బట్టీ, రెండు పక్కలా మూడేసి పాయింట్లు, ఒక ముగింపు. మన గైడు చదువే, కాకపోతే ఇంగ్లీషులో. అలాంటి టీచరైతే వద్దని నేనే చెప్పేవాణ్ణి. అందుకే పిల్లకు చెప్పాను, ఫారం మీద టిక్ పెట్టే ముందు వచ్చే ఏడు ఎవరు చెప్తారో కనుక్కో, పై క్లాసువాళ్ళ నోటు పుస్తకాలు అడిగి చూడు, దిద్దిన పేజీల్లో ప్రశ్నలుంటే తీసుకో, ఒట్టి టిక్కులే ఉంటే జాగ్రఫీ తీసుకో. ఆ గీత గీసిన టీచరే చెప్తుందట. సగం యుద్ధం అక్కడే గెలిచాం.

మూడోది కొంచెం సున్నితం. క్లాసులో ఒక్కగానొక్క హిందూ పిల్లయితే ఏ మాట వచ్చినా అందరూ తన వైపే చూస్తారు. మీలో కులం ఉంటుందట కదా, మీరు ఆవును ఎందుకు, మీకు అన్ని దేవుళ్ళెందుకు. పద్నాలుగేళ్ళ పిల్ల మీద వంద కోట్ల మంది బరువు పెట్టేస్తారు. మా పిల్ల క్లాసులో ఇంకా నలుగురైదుగురు మనవాళ్ళున్నారు కాబట్టి నాకు అంత దిగులు లేదు. ఒక్కతే అయితే మాత్రం ఆలోచించాల్సిందే, అప్పుడు నా సలహా ఇంత ధాటిగా ఉండేది కాదు.

ఈ వాదనంతా ఇంట్లో సాగుతుండగా మొన్న రాత్రి భోజనాల దగ్గర నాన్న ఒక ప్రశ్న వేశారు. ఇన్నాళ్ళ వాదనలో అందరికంటే మంచి ప్రశ్న అదే. "మరి ఆ బళ్ళో మిగతా గుంటలు మన గురించి సదవరా? మనదే ఆళ్ళ గురించి సదవాలా?" నా దగ్గర సరైన జవాబు లేదు. చిన్న క్లాసుల్లో చదివారు, దీపాలు చేశారు. పరీక్ష దగ్గరికి వచ్చేసరికి ఆ స్కూల్లో చదవరు. ఇంకొకరి గురించి న్యాయంగా రాయడం అంత విలువైనదైతే, ఆ విలువ అక్కడి తెల్లపిల్లలకూ, పాకిస్తానీ పిల్లలకూ అంతే కదా. వాళ్ళలో చాలామందికి ఈ రెండు మతాల్లో ఒకటి ఇంట్లోదే. బోర్డు జాబితాలో హిందూ, సిక్కు, బౌద్ధం ఉండి కూడా ఎక్కువ స్కూళ్ళు ఈ రెంటితోనే సరిపెట్టుకోవడం నాకూ నచ్చలేదు. పిల్లతో చెప్పి టీచర్ని అడిగించాను. ఆవిడ విసుక్కోలేదట, తనకూ ఇంకో టీచరుకూ ఈ రెండే చెప్పిన అనుభవం ఉందని, పుస్తకాలు కూడా వీటికే కొన్నారని, అయినా మీటింగులో ఎత్తుతానని చెప్పిందట.

ఆ జవాబు నాన్నకు ఎందుకో నచ్చింది. కాసేపాగి, "సరే, సదవనీ. ఆళ్ళది తెలిస్తేనే కదా ఆళ్ళకి మనది సెప్పగలదు" అన్నారు. పిల్ల అక్కడ మన తరఫున ప్రచారకర్త కావాలని నా ఉద్దేశం కాదు, నిజానికి నేను భయపడిన మూడోది అదే. కారణం నాకు నచ్చలేదు గానీ ఓటు మాత్రం తీసుకున్నాను. బావ ఇంకా కంప్యూటర్ సైన్స్ దగ్గరే ఉన్నాడు, ఈ ఆదివారం ఆయనతో మాట్లాడే పని అక్క నాకే అప్పజెప్పింది.